లోపలి గడియ

పో నది మైదానంలో, లోమెల్లీనా వైపు,
జులై అంటే దోమలు, ఒంటికంటుకునే ఉక్క,
పిక్కల లోతు నీళ్ళలో కొంగలు.
వరికి నిప్పంటుకునేది అప్పుడే.
పొగ రాదు.
ఆకు మీద నూలుకండె ఆకారంలో ఒక మచ్చ,
అంచు గోధుమరంగు, నడుమ బూడిద.
అక్కడివాళ్ళు దాన్ని కాలడమనే అంటారు.
మనం అగ్గి తెగులంటాం.
ఒకరినొకరు అడగకుండానే రెండు భాషలూ
ఒకే చోట చెయ్యి కాల్చుకున్నాయి.

ఒరెస్తె పొలంలో పోయినేడు మెడవిరుపు.
సెప్టెంబరులో కంకులన్నీ నిటారుగా నిలబడ్డాయి.
గింజ బరువుంటే వరి తల వంచుతుంది.
తాలుకి వంచడానికేముంది?
ఆ కంకులు ఓ గుప్పెడు కోసి, పాత దినపత్రికలో చుట్టి
డెల్ఫీనా బల్ల మీద పెట్టి వెళ్ళాడు,
ఏమీ అడగలేదు.

గాజింట్లో ఆరువందల నలభై కుండీలు.
ఒక్కో మొక్కలో ఒక్కో జన్యువు విరిగి ఉంది.
బూజు గింజల్ని నీళ్ళలో కలిపి చల్లి
ఒక పగలూ ఒక రాత్రీ నల్ల పట్టా కింద ఉంచారు.
ఏడోనాడు భూతద్దం.
సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కులు,
ఈ బడిలో సున్నా వస్తేనే పాసు.
"తొమ్మిది. తొమ్మిది. ఏడు. తొమ్మిది."
తద్దేయో రాసుకుంటున్నాడు, చెమట కాగితం మీద పడుతోంది.
నాలుగువందల పదమూడు దగ్గర ఆమె గొంతు ఆగింది.
అద్దాలు తుడుచుకుంది.
"దీనికి చల్లడం మర్చిపోయావా?"
కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.
"లేదు."
మళ్ళీ చల్లారు. మళ్ళీ ఏడు రోజులు.
సున్నా.

ఇరవై ఏళ్ళుగా ఆమె కాపలావాళ్ళనే వెతికింది.
ఒక్కొక్కణ్ణీ తెచ్చి వరి గుమ్మంలో నిలబెట్టేది,
నాలుగు పంటలు తిరక్కుండా బూజు వేషం మార్చి
వాడి పక్కనుంచే లోపలికి నడిచిపోయేది.
ఈ మొక్కలో కాపలా పెరగలేదు.
ఉన్నదాంట్లో ఒకటి తగ్గింది, అంతే.
అంటే ఇన్నాళ్ళూ ఎవరూ తలుపు బద్దలుకొట్టలేదు.
తట్టిన చప్పుడికి
లోపల్నుంచి గడియ తీసింది వరే.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
పట్టేశామనుకుంది ఆమె.
అక్టోబరు దాకా అనుకుంది.

కోతకొచ్చేసరికి నాలుగువందల పదమూడు
పక్క మొక్కల భుజం దాకా కూడా రాలేదు.
పిలకలు మూడు.
గింజ పాలుపోసుకునే వేళ
ఏదో మోసుకొచ్చి పోసే చెయ్యి లేనట్టు
సగం గింజలు సన్నగా, చప్పిగా.
దొంగ కాదది.
ఇంట్లో అందరికీ వడ్డించే మనిషి,
ఎవరు తలుపు తట్టినా ఆకలితో వచ్చారనుకునే మనిషి.

"అయితే తప్పు వరిదేనా?" ఒరెస్తె అడిగాడు,
బూట్ల బురద గడప మీద గీకుతూ.
"తప్పు కాదు, అలవాటు."
"పూర్తిగా మానిపిస్తే?"
"చూశావుగా. కొంచెం మానిపించాలి."
జన్యువు జోలికి పోకుండా దాని ముందున్న చిన్న ముక్క మాత్రం కత్తిరించి,
ఆకులో నిద్రపోయి గింజలో మేలుకునేలా.
చెబుతున్నప్పుడు తేలికగానే ఉంది.
దానికి మరో మూడేళ్ళు పట్టింది.

కొత్త మొక్కకి రెండు మార్కులు. ఎత్తు మామూలే.
రెండువందల పన్నెండు గింజలు.
ఒరెస్తె ఒకటి అరచేతిలో వేసుకుని
గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
మచ్చపడే పాత రకాన్నే అతను వేస్తూ వచ్చింది
దాని అన్నం కోసం.
"రుచి ఉందా, పోయిందా?"

తినకూడదు. చట్టం.
విత్తనానికి దాచినవి పోను మిగిలినవన్నీ
లెక్కపెట్టి, సంచిలో కట్టి, ఆవిరి యంత్రంలో వేసి
చంపాలి.
తద్దేయో లెక్కలో ఒకటి తగ్గింది.
మళ్ళీ లెక్కపెట్టాడు. తగ్గింది.
డెల్ఫీనా చెయ్యి చాపింది.
ముసలాయన కాసేపు కిటికీలోంచి పొలాల వైపు చూశాడు,
తర్వాత, బుగ్గన దాచుకున్నది
తీసిచ్చాడు.

సాయంత్రం యంత్రం మూత తెరిస్తే
గదంతా అన్నం ఉడికిన వాసన.
ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు.
నివేదికలో దానికి గడి లేదు.