కారణం అనే గడి

పందొమ్మిది సినిమాలు. పైసలు ఏడింటికే.
గోదావరిఖనిల, పాత క్వార్టర్ల కొసకు,
ఒకప్పుడు రేషన్ షాపు నడిచిన రెండు గదుల లైబ్రరీల
తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల అర కోసం
నేను ఏరాలె.
అన్నీ పాడైపోయిన రేపటి మీద రాసిన నవలలే,
తర్వాత తెరకెక్కినయి.
నవలలు ముందు నుంచే ఉన్నయి అరల,
అంచులు నలిగి,
ఒకదాంట్ల ముప్పయ్యో పేజీ మీద పసుపు వేలిముద్ర.

కమిటీ పెద్దమనిషి కనకయ్య సారు,
ముప్పై ఏండ్లు భూమి కింద పనిచేసి దిగిపోయినాయన,
జాబితా చూసి కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టిండు.
"పిల్లలకు చీకటి సినిమాలెందుకమ్మా?
చీకటి సంగతి మేం చూసుకున్నం గదా."
నా దగ్గర జవాబు లేదు.
చాయ్ తెప్పించిన.

రాత్రిళ్లు ఇంట్ల చూసిన,
ఒళ్లో నవల తెరిచి పెట్టుకొని.
నవ్వడానికి లైసెన్సు కావాల్సిన నగరం:
పుస్తకంల ఆ పిల్లకు ముందు పన్ను విరిగి ఉంటది,
కథంతా ఆ సందులోంచే నడుస్తది.
సినిమాల పలువరుస ముత్యాలు. కొట్టేసిన.
జ్ఞాపకాలు తూకమేసుకొని నీళ్లిచ్చే ఊరు:
పుస్తకం చివర ముసలాయన రెండు బిందెలకు తన పేరు అమ్ముకుంటడు.
సినిమాల సరిగ్గా ఆ వేళకే వాన.
అయినా ఖాళీ బిందె బండ మీద పెట్టిన చప్పుడొకటి ఉందండ్ల.
ఆ చప్పుడు కోసం ఉంచిన.
మూడోది పుస్తకం కంటే బాగుంది.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆరు కుదిరినయి. ఏడోదాని దగ్గర ఆగిన.

శనివారం పిల్లలనే పిలిచిన.
గోడకు తెల్ల దుప్పటి, బడి నుంచి అరువు తెచ్చిన ప్రొజెక్టరు.
ఊరిని తవ్వుకుంటపోయే యంత్రాలు,
గుంత అంచున మిగిలిన మనుషులు.
సినిమాల సైరన్ మోగింది.
తాత పేరు పెట్టుకున్న ఓదెలు సంచి తీసుకొని లేచిండు.
"బాపు డ్యూటీ దిగుతడు, తాళంచెవి నా దగ్గరుంది."
అందరూ నవ్విండ్రు గని
సగం మంది అప్పటికే చెప్పులు వెతుకుతున్నరు.

స్రవంతి నవ్వలేదు.
ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయి
కాలనీల ప్లాటు నంబరుతో బతుకుతున్న పిల్ల.
"మేడం, గా దుమ్ము అబద్ధం."
ఎట్ల?
"ఆమె రెప్పల మీదనే ఉంది, ఆకుల మీద లేదు.
మా నాయినమ్మ తోటకూరను మూడు నీళ్లల్ల కడిగినా
పంటి కింద కిసకిసమనేది.
పుస్తకంల ఉంది గది, నూటపన్నెండో పేజీ."

వెనుక బెంచీ నుంచి దగ్గు.
కనకయ్య సారు ఎప్పుడొచ్చి కూసున్నడో.
"బండ గూడ అబద్ధమే బిడ్డా.
కూలేముందు బండ మాట్లాడుతది, చిటచిటమని.
గా మాట ఇన్నోడే ఇంటికొస్తడు.
వీళ్లది నోరు మూసుకొని కూలింది."
ముప్పై ఏండ్లల ఇంట్ల చెప్పని మాటేమో,
చెప్పినంక చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలేదు ఆయనకు.

సరే, ఇది తీసేద్దాం అన్న.
"వద్దు మేడం," అంది స్రవంతి, "ఉంచుండ్రి.
తప్పు పట్టేటందుకు ఒకటుండాలె గదా మాకు."

రిజిస్టరుల 'ఎంపికకు కారణం' అని సన్నటి గడి ఉంటది.
ఆరింటికీ 'విలువైనది' అని రాసి తప్పించుకున్న.
ఏడోదానికి రాసిన:
దుమ్ము తప్పు. బండ తప్పు.
పుస్తకంతో కలిపే ఇయ్యాలె.
రెండింటినీ జతచేసి రబ్బరుబ్యాండు వేస్తుంటే
బాయిల బ్లాస్టింగు.
అరలు వణికినయి, కిటికీ రెక్క కొట్టుకుంది.
స్రవంతి అలవాటుగా అరకు అరచెయ్యి ఆనించింది,
నేను గమ్ముసీసా పట్టుకున్న,
సారు తలెత్తి పైకప్పు దిక్కు చెవి పెట్టిండు.

చప్పుడు ఆగినంక నంబరు అతికించినం,
కొంచెం వంకరగ.