అంగిలి మాసిక

నలభై ఏళ్ళు దారాన్ని పంటితోనే కొరికాను.
కత్తెర మెడలోనే వేలాడుతుండేది,
అయినా సరే.
వూచ్ నాటకశాల కుట్టుగదిలో
రాణుల గౌనులూ బంట్రోతుల కోట్లూ
అన్నీ నా ముందుపన్ను దాటే రంగస్థలం ఎక్కాయి.

పోయిన చలికాలం ఆ పన్ను
దారాన్ని వదిలేసి తనను తానే తెంచుకుంది.

దాని చోట టైటానియం మర దించారు.
ఎముక ఒప్పుకుంది.
చిగురే ఒప్పుకోలేదు.
పల్చటి వాయిల్ కింద నల్ల లోచొక్కాలా
మర నీడ బూడిదరంగులో పైకి తేలేది.
నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని.

డాక్టర్ సెవెరిన్ కెంపా అద్దం పట్టుకుని అన్నాడు:
"ఇక్కడ బట్ట చాలలేదు, బొగుమీవా గారూ.
అంగిలి నుంచి కొంచెం తీసి వేద్దాం."
పొడవు చాలని లంగాకి
లోపలి మడతలోంచి బట్ట తీయడం
నాకు చెప్తున్నాడు!

ముఖం మీద పచ్చ గుడ్డ కప్పారు.
మొద్దుబారిన నోట్లో దారం నడుస్తుంటే
నొప్పి లేదు గానీ లెక్క తెలుస్తూనే ఉంది.
ఏడు కుట్లు.
ఆరోది కాస్త బిగించాడు.
నేనైతే వదులుగా వదిలేదాన్ని, బట్టకి ఊపిరాడాలి.
నోరు తెరిచే ఉన్నా మాట్లాడే వీల్లేదు గనక
బతికిపోయాడు.

ఆ రాత్రి అంగిలి మండింది,
ఆత్రంగా తాగిన సూప్ కాల్చినట్టు.
పంటి బిగువున ఓర్చుకుందామంటే
పళ్ళు బిగించొద్దని కాగితం మీద రాసిచ్చారు.
నాలుకతో తడమొద్దు. స్ట్రాతో పీల్చొద్దు.
పెదవి ఎత్తి చూడొద్దు.
చల్లారిన బీట్‌రూట్ సూపూ, మెదిపిన బంగాళదుంపా.

మూడోనాడు పెదవి ఎత్తి చూశాను.
ఇతరుల కుట్లు చూసి బతికినదాన్ని, ఆగుతానా.
తెల్లగా ఉంది,
ఉడికిన చేపతునకలా.
ఒంటికి పట్టని గుడ్డ వేశాడనుకున్నాను.

ఫోన్ చేస్తే నర్సు కింగా నవ్వలేదు.
"దానికింకా సొంత నెత్తురు లేదండీ.
ఇరుగుపొరుగు చెమ్మ తాగి బతుకుతోంది.
కదపకండి."

మా ఊరి పేరుకి అర్థం పడవ.
పడవకి తగ్గ నది ఒక్కటీ కంటికి కనిపించదు.
మిల్లులు వచ్చాక నదుల్ని ఇటుక సొరంగాల్లోకి దింపి
మీద వీధులు పరిచారు.
మంచు కరిగే రోజుల్లో
మ్యాన్‌హోల్ మూత దగ్గర నిలబడితే వినిపిస్తుంది.
ఆ వారమంతా నిద్ర పట్టక
నోట్లో అలాంటిదేదో వినాలని పడుకున్నాను.

ఆరోనాడు ఊదా.
తొమ్మిదోనాడు కమిలిన ఎరుపు.
పద్నాలుగోనాడు చిన్న కత్తెర, చిన్న పట్టకారు,
కుట్లు విప్పాడు.
"ఆరోది బిగుతు," అన్నాను మొదటి మాటగా.
వంగి చూశాడు. "అవును," అన్నాడు.
అప్పుడు కుదిరింది అతని మీద నమ్మకం.

తర్వాతది నేను చేసిందీ కాదు, అతను చేసిందీ కాదు.
వసంతం పోయింది, ఎండాకాలం పోయింది.
పింగాణీ పన్ను చుట్టూ చిగురు
గంజి పెట్టకుండానే కాలర్‌లా నిలబడింది.
రెండు పళ్ళ నడుమ ఖాళీలోకి
రవిక చంకలో వేసే మూడుమూలల ముక్కలాంటిది,
ఆవగింజలో సగం,
తనంత తానే జరిగి వస్తోంది.
ఎవరూ కొలత ఇవ్వలేదు.
నెలకి వెంట్రుకవాసి.

నేను వేసిన మాసికలు
వేసిన రోజు ఎంతో చిరిగిన రోజూ అంతే.
ఒక్కటీ పెరగలేదు.
తీసిన చోట అంగిలి కూడా పూడుకుపోయింది;
నాలుక వెతికినా దొరకదు.
మడత విప్పి బట్ట కత్తిరించుకున్నాక
మళ్ళీ మడతలో బట్ట పుట్టే లంగా
నేనెక్కడా చూడలేదు.

నిన్న, కొత్తగా చేరిన హాల్ష్కా
దారాన్ని పళ్ళ దగ్గరికి తీసుకెళ్తుంటే
నా మెడలో కత్తెర తీసి చేతిలో పెట్టాను.
ఎందుకంది.
పెదవి ఎత్తి చూపించాను.
దీపం దగ్గరికి లాక్కెళ్ళి చాలాసేపు చూసింది.
"ఇదేగా? రంగు ఒక ఛాయ తేడా."

కన్నుంది ఈ పిల్లకి.
పనికొస్తుంది.