రెండు స్లాబులు

మా ఇంటికి ఒక స్లాబు ఉంది.
పదిహేనేళ్ల కిందట, మాఘంలో పోశాం.
మిల్లరు గోల కొరిటెపాడు అంతా వినబడింది.
ముఠా వాళ్లకి కోడికూర వండిపెట్టి
ఇక ఈ జన్మకి నీడకి లోటు లేదనుకున్నాం.

రెండో స్లాబు ఎవరు పోశారో తెలీదు.
కరెంటు బిల్లులో ఉంటుందది.
కంటికి కనబడదు,
నెత్తికి మాత్రం తగులుతుంది.

రోహిణీ కార్తెలో మొదటి స్లాబు పెనం.
అట్టు పోస్తే కాలుతుందని అత్తయ్య అంటే
నవ్వే ఓపిక కూడా ఉండదు.
పగలంతా తాగిన ఎండని
రాత్రి పదకొండింటికి మా మీద కక్కుతుంది.
అప్పుడు ఏసీ వేస్తాం.
మొదటి స్లాబు కింద కాస్త చల్లబడతామో లేదో
రెండో స్లాబులోకి ఎక్కేస్తాం.

మా ఆయన పని కోల్డు స్టోరేజీలో.
అక్కడ మిరపకాయలు గోనెపట్టా కప్పుకుని
ఏ చీకూ చింతా లేకుండా పడుకుంటాయి.
ఆయన ఇంటికొచ్చి, చొక్కా విప్పి,
ఫ్యాను రెండులో పెట్టుకుంటాడు.
మూడులో పెట్టుకోకూడదా అంటే
"తేజ మిరపకాయనై పుట్టాల్సింది" అంటాడు.

మే నెల చీటీ గేటు ఊచకి గుచ్చి పోయారు.
కుట్టుమిషను ఆపి చదివాను.
వాడినదానికి ఒక వరస.
ఎప్పుడో వాడి, కట్టేసి, మర్చిపోయినదానికి
సర్దుబాటని ఇంకో వరస.
తిని, చెయ్యి కడుక్కుని, అరిగిపోయిన భోజనానికి
మళ్లీ డబ్బులడిగే హోటలుంటుందా?
మూడు లైనింగు జాకెట్ల కూలి
ఆ ఒక్క వరసే మింగింది.

లైన్‌మన్ ఏసుపాదం స్తంభం దిగి
చెంబెడు నీళ్లు తాగుతూ అన్నాడు:
"మీ నెత్తిన కాసేదాన్ని మీరే పట్టుకోవచ్చు గదక్కా."

పట్టుకోవడం అంత తేలికేం కాదు.
మీటరు ఇంకా మామయ్య పేరునే ఉంది.
పోయి ఏడేళ్లయినా
నెల నెలా ఆయనే బిల్లు కడుతున్నట్టు లెక్క.
ఆయన్ని ఆ పని నుంచి తప్పించడానికి
ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను.
బ్యాంకులో ఇంకో మూడుసార్లు.

అన్నీ అయ్యాక అత్తయ్య అడిగింది,
"మరి నా వడియాలో?"
నిజమే. ఇన్నాళ్లూ ఆ ఎండ ఆవిడది.
గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, మాగాయ ముక్కలు,
కాకిని తోలే కర్ర.
ముగ్గుపిండి తీసుకుని మెట్లెక్కి
నవారు మంచమంత చోటు గీత గీసింది.
కుర్రాళ్లు నవ్వారు గానీ
గీత దాటి ఒక్క బోల్టు బిగించలేదు.

ఆరు పలకలు.
పొద్దున్నే సూర్యుడు బుద్ధిగా వచ్చి దిద్దుతాడు.
నాలుగయ్యేసరికి పక్కింటి శేషారత్నం గారి
కొత్త వాటర్ ట్యాంకు నీడ
చివరి పలక చెరిపేస్తుంది.
ఆవిడతో ఆ మాట ఇంకా అనలేదు.
ఆదివారాలు బకెట్టూ గుడ్డా పట్టుకుని
దుమ్మూ పావురాల రెట్టా నేనే కడుగుతాను.
పలకల కింద పిల్లి పడుకుంటోంది.
దాని కింద స్లాబు,
స్లాబు కింద మేం.
గదిలో సెగ తగ్గిందని ముందు కనిపెట్టింది
మా హిమబిందు, లెక్కలు చేసుకుంటూ.

బిల్లు పోయిందా అంటే
పోయినంత పోయింది, కంతు వచ్చింది.
కానీ కంతుకి ఒక చివర ఉంది.
క్యాలెండరు వెనక రాసిపెట్టుకున్నాను.
బిల్లుకి అలాంటి తారీకు
ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా?

మొన్న చీటీలో అంకె ముందు చిన్న అడ్డగీత.
తప్పు పడిందేమోనని ఏసుపాదానికి చూపించాను.
"తప్పు కాదక్కా, వాళ్లే మీకు బాకీ."
నలభై రెండు రూపాయలు.
అత్తయ్య ఆ చీటీ పోపులడబ్బాలో దాచింది.

ఆ రాత్రి మా ఆయన
ఫ్యాను మూడులో పెట్టాడు.
అలవాటున నా చెయ్యి రెగ్యులేటరు దాకా వెళ్లి
వెనక్కి వచ్చింది.
ఆయన మిరపబస్తాలా నిద్రపోయాడు.
నేను చాలాసేపు పడుకోలేదు.
మూడులో తిరిగితే మా ఫ్యాను
ఇలా చప్పుడు చేస్తుందని
ఇన్నేళ్లూ నాకు తెలీదు.