ఇరవై మీటర్ల లోపల

సైదాపేట తెలుగు బడిలో
తొమ్మిదో తరగతికి పటం చదవడం నేర్పేది నేనే.
ఏటా మొదటి మాట ఒకటే:
గోడకి తగిలించకండి, నేలమీద పరవండి.
గోడమీద ఉత్తరం ఆకాశంలో ఉంటుంది,
నేలమీద పరిస్తే ఉత్తరం ఉత్తరానే ఉంటుంది.

బడికంతా దిక్సూచి ఒక్కటే.
దాని ముల్లుకి బద్ధకం,
రెండుసార్లు తడితే గానీ గిండి వైపు నుంచి కదలదు.

రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు అన్నాను.
ధనుంజయ చెయ్యి చాపి కొలిచాడు.
"సముద్రం జానెడు కూడా లేదు కదా సార్,
ఇంతోటి దానికి బస్సెందుకు?"
అందరితో పాటు నేనూ నవ్వాను.

తూర్పు అంకె ముందా, ఉత్తరం అంకె ముందా
అని ప్రతి ఏడూ తికమకపడతారు.
చెట్టు దాకా నడవకుండా చెట్టెక్కేవాడు ఎవడైనా ఉన్నాడా?
ముందు పక్కకి నడవండి, తర్వాత పైకెక్కండి.
అది మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

ఒక శనివారం పరంగిమలై ఎక్కించాను.
ఈ దేశాన్ని కొలిచిన గొలుసు
మొదట పరిచింది ఈ కొండ దాపునే అని చెప్పాను.
వాళ్ళు విమానాలు చూస్తున్నారు.

పటంలో కొండ చుట్టూ గోధుమరంగు గీతలు,
గిన్నెలో పాలు ఎండిన చారల్లా.
దగ్గరగా ఉంటే నిటారు,
ఎడంగా ఉంటే వాలు,
అసలు లేకపోతే మైదానం.
ఇరవై మీటర్లకి ఒక గీత.

"మరి మా పేటలో?" అంది హైమ.
వేలితో అడయారు గట్టంతా వెతికాం.
ఒక్క గీతా లేదు.
"అయితే చదునేనమ్మా" అన్నాను.
"ఎవురు చెప్పారు సార్ చదునని?"

వాళ్ళమ్మ అంకమ్మ.
కావలి దగ్గర్నుంచి వచ్చి
ఇరవయ్యేళ్ళుగా కార్పొరేషన్ చీపురు.
తెల్లారగట్ల నాలుగింటికి
పాలబూతు దగ్గర బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే
ఏ గుమ్మం ముందు ఆగి, ఏ సందులోకి తిరుగుతాయో
ఆమెకి తెలుసట.

సోమవారం హైమ ఒక కాగితం తెచ్చింది,
రేషన్ కార్డు జెరాక్సు వెనకవైపు.
ఉత్తరం బాణం సరిగ్గా ఉంది.
స్కేలు: నా నూరడుగులు ఒక వేలు.
సున్నా అంటే చేతిపంపు,
ఇంటూ మార్కు అంటే కరెంటు పెట్టె, ముట్టుకోవద్దు.
మధ్యలో మూడు గోధుమ గీతలు.
వాటిమీద అంకెల్లేవు.
చీలమండ. నడుము. గొంతు.

ఆ డిసెంబరు నీళ్ళు
ఏ గోడమీద ఎంత దాకా వచ్చి ఆగాయో
ఇంటింటికీ పోయి అడిగిందట.
ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుకుంటూ పోయింది.
నేను బోర్డుమీద రాసే వాక్యం ఇదే.
పరీక్షలో రెండు మార్కులు.

గొంతు గీత లోపల పద్నాలుగు ఇళ్ళు.
పదమూడింటికి పేర్లున్నాయి.
"దీనికి రాయలేదేం?"
"ఆ ఇంట్లో అడగడానికి ఎవురూ లేరు సార్."

కాసేపటికి నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది.
ఒక తప్పు పట్టాను.
"ఈ గీతలు ఒకదాన్నొకటి దాటకూడదమ్మా.
ఒకే చోటు రెండు ఎత్తుల్లో ఎట్లా ఉంటుంది?
చూడు, ఇక్కడ దాటాయి."

హైమ కాగితాన్ని తనవైపు తిప్పుకుంది.
తర్వాత మళ్ళీ నావైపు తిప్పింది,
ఉత్తరం నాకు ఉత్తరంగా ఉండేట్టు.

"అక్కడ నీళ్ళు రెండుసార్లు వచ్చాయి సార్.
ముందు ఏటినించి.
రాత్రికి మురుగు మూత లేచి, కిందినించి."

రబ్బరు తీసి ఉన్నాను.
దాన్ని జేబులో వేసుకుని
ఆ చోటు ఎక్కడో
ఇంకోసారి చూపించమన్నాను.