కొసరు రాత్రులు

డిసెంబరు ముప్పై. డులూత్‌లో సరస్సు గడ్డకట్టే చప్పుడు
లాబీ దాకా వస్తోంది.
హాల్వర్ ఎంగెబ్రెట్సన్ వచ్చాడు, చేతిలో పెట్టె కూడా లేదు.
ధాన్యం ఆరబెట్టే యంత్రాలకు విడిభాగాలు అమ్ముతాడు.
ఈ ఏడు యాభై ఎనిమిది రాత్రులు మా హోటళ్లలోనే పడుకున్నాడు.
అరవై అయితే ప్లాటినం.
ఇల్లేమో ఎదురుగా ఆ కొండ మీదే.

"రెండే రాత్రులు, మార్లిస్," అన్నాడు
చేబదులు అడిగేవాడిలా గొంతు తగ్గించి.

ఏమొస్తుందో చెప్పడం నా ఉద్యోగం, చెప్పాను:
రెండు నీళ్లసీసాలు. ఖాళీ ఉంటే పై అంతస్తు.
సాయంత్రం నాలుగుదాకా గది మీదే
(నాలుగుదాకా అందులో ఏం చేస్తారో నాకెవరూ చెప్పలేదు).
ఇంకా, పేరు పెట్టి పిలుస్తాం.
అలా నేనెప్పుడూ పిలుస్తూనే ఉన్నాను.

రెండొందల డెబ్బై డాలర్లు.
గుప్పెడు కొసరు కోసం
బస్తా మళ్లీ కొన్నట్టు.

ఐదో అంతస్తు ఇచ్చాను.
పదకొండున్నరకు ఫోను. తువ్వాళ్లకేమో అనుకున్నా.
"ఇక్కణ్ణుంచి మా వంటింటి దీపం కనిపిస్తోంది.
సోల్వేగ్ ఇంకా పడుకోలేదు."
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

పదకొండేళ్లుగా ఈ బల్ల వెనక
నావెన్ని రాత్రులో
ఏ కంప్యూటరూ కూడలేదు.

ఐదింటికే దిగొచ్చి, కార్డు నా ముందుంచి
చలిలోకి వెళ్లిపోయాడు.
దుప్పటి మడతైనా నలగలేదని
గది సర్దిన రోసౌరా చెప్పింది.

ఇంకో రాత్రి బాకీ.
రాకపోతే బాగుణ్ణనుకుంటూనే
రెండు నీళ్లసీసాలు తీసి పక్కన పెట్టాను.