ఎండుకట్టె ఊరు

పాలో సెకో అని పేరు పెట్టారు కంపెనీ వాళ్ళు,
స్పానిష్ మాట, చెవికింపుగా ఉంటుందని, అంతే.
బోర్డు పాతిన రోజు మా నాన్న రెఫూజియో
భుజాన పత్తి సంచీతోనే పగలబడి నవ్వాడు:
"ఎండుకట్టె! ముసలాళ్ళ ఊరికి ఎండుకట్టె అని పేరా!"
ఆయన్నెవరూ అడగలేదు. పేరు ఉండిపోయింది.

అరవై ఒకటి, జనవరి. అరిజోనా.
చేలో ఆఖరి కాపు ఇంకా దూది కక్కుతూనే ఉంది.
సగం పీకేసి ఐదు నమూనా ఇళ్ళు కట్టారు,
ఒక ఈతకొలను, చుట్టూ కుర్చీలు,
నీడకి ఒక్క చెట్టు లేదు.
మొదటి ఆదివారం
అయోవాలో, మినెసోటాలో మంచు ఎత్తిపోసి
నడుములు పడిపోయినవాళ్ళు
మైలు పొడుగున కార్లు వరస కట్టారు.
నాన్న మైలున్నర అంటాడు.
ఆయనది పత్తి లెక్క, తడిపి తూచే లెక్క.

కాటికి కాళ్ళు చాపుకునే వయసని అందరూ అనుకుంటుంటే
వీళ్ళు ఆ కాళ్ళకి తెల్లబూట్లు తొడిగారు.
ఆర్విల్ టెష్, నలభై ఏళ్ళు రైలు బ్రేకులు చూసినవాడు,
రంగురాళ్ళు సానపట్టడం నేర్చాడు.
వెర్నా లిండ్‌క్విస్ట్ అరవై ఎనిమిదో ఏట
ముక్కు మూసుకుని మొదటిసారి నీళ్ళలో దిగింది.
గడ్డి బతకదని తేలాక
వాకిళ్ళలో కంకర పోసి పచ్చరంగు కొట్టించారు.
ఏటా మార్చిలో కొత్త పూత.
ఆ డబ్బాలు మోసింది మా అన్న.

డెబ్బై నాలుగులో ఆఫీసులో చేరాను. నా పని
ఊరి ఫోన్ల పుస్తకం.
మొదటి ఏడాదిది చూపించారు, జపమాల సంచీలో పట్టేంత.
నేను చేరేనాటికి అది ఇటుక.
ఊరు కాలువ దాటింది, జిన్నింగు మిల్లు దాటింది,
మా గుడిసెల వరసనీ దాటింది.
అమ్మ పొయ్యి ఉన్నచోట ఇప్పుడు
గోల్ఫ్ మైదానం ఏడో గుంట.

పుస్తకంలోంచి పేరు తీయడానికి ఒక పద్ధతుంది.
పోయిన ఏడాదే తీయకూడదు.
భార్య సరేననేదాకా భర్త పేరు అక్కడే.
ఒకావిడ పదకొండేళ్ళు సరేననలేదు.
ఫోన్ చేస్తే తనే ఎత్తి
"ఆయన బయటికెళ్ళారు" అనేది.
అబద్ధమని ఎలా అంటాం?

పిల్లలు మాత్రం ఉండకూడదు. రూలు.
మనవలకి ఏడాదికి రెండు వారాలు.
బడి లేని ఊరు బడి పన్నుకి చెయ్యెత్తదు గనక
కాలువ అవతల మా బడి
మూడేళ్ళు ఒంటిపూటే నడిచింది.
ఆ కోపం నాలో ఇంకా ఉంది, దాచను.

ఎనభై మూడులో టెష్ ఇంటి వెనక
చిన్న సైకిలు కనబడింది.
కూతురు ఆసుపత్రిలో; మనవడు కర్టిస్, ఆరేళ్ళు.
వాడు ఏడ్చినప్పుడల్లా ఆర్విల్ సానరాయి తిప్పేవాడు.
అర్ధరాత్రి సానరాయి!
వీధంతటికీ తెలుసు. ఐదు నెలలు ఎవరూ ఎరగరు.
ఆరో నెలలో ఎవరో ఉత్తరం రాశారు.

మీటింగులో మూడొందల కుర్చీలు.
వెర్నా లేచి చెవి మిషను తీసి బల్లమీద పెట్టింది.
"పక్కింట్లోనే ఉంటాను. నాకే పిల్లాడూ వినబడలేదు."
కొందరు నవ్వారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.
అయినా నాలుగు ఓట్లతో ఓడిపోయారు.
ఆర్విల్ సానరాయినీ సైకిలునీ ట్రక్కుకెక్కించి
కాలువ అవతల, మా వీధిలోనే, అద్దెకి దిగాడు.

ఆ ఏడాది పుస్తకంలో టెష్ పేరు నేను తీయలేదు.
తర్వాతి ఏడాదీ.
పైవాళ్ళు అడిగితే
"భార్య ఇంకా సరేననలేదు" అన్నాను.

ఇప్పుడు పుస్తకం అచ్చువేయడం లేదు.
ఇటుకలన్నీ నా దగ్గరే, మంచం కింద.
యాభై ఐదు నిండిన రోజున
ఇంటి దరఖాస్తు నాకు నేనే టైపు చేసుకున్నాను:
యులాలియా ఆర్విసు. ఏడో గుంట పక్క ఇల్లు.
పూర్వపు చిరునామా అన్న గడి దగ్గర
చాలాసేపు ఆగి, కొట్టాను:
ఇదే.