దిగడం

ఉతేనాలో జనవరి.
వ్యాయామశాల కిటికీలకి లోపలివైపే మంచు.
పన్నెండుమంది ఆడపిల్లలు వరసలో వణుకుతుంటే
ఒక్కొక్కరి మోకాలిచిప్ప మీదా నల్లచుక్క పెడుతున్నాడు
కౌనాస్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు.

చెక్కపెట్టె ఎత్తు ముప్పై ఒక్క సెంటీమీటర్లు.
ఎక్కు, దిగు, నేల తాకీ తాకగానే మళ్ళీ ఎగురు.
అంతే పరీక్ష.

వైవ ఎక్కింది.
పద్నాలుగేళ్ళు. పోయిన వేసవి నుంచి తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది.
ఎముకలు ముందే పరిగెత్తాయి,
కండలింకా బూట్లు కట్టుకుంటున్నాయి.
మా జట్టులో దానంత ఎత్తుకి ఎగిరేవాళ్ళు లేరు.

దిగింది.
వీడియో నిదానంగా తిప్పి చూపించాడు.
పాదాలు నేలకి ఆనిన క్షణాన
ఆ రెండు చుక్కలూ ఏదో గుట్టు చెప్పుకోవాలన్నట్టు
లోపలికి, దగ్గరికి,
ఇంకా దగ్గరికి.

"తప్పు మోకాలిది కాదు, తుంటిది," అన్నాడు.
మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నాడని
పిల్లలు కిసుక్కుమన్నారు.
నేను నవ్వలేదు.

తొంభై ఆరులో, షౌలైలో, సెమీఫైనల్.
ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు.
నేనే ఎగిరి నేనే దిగాను.
ఎండుపుల్ల విరిచిన చప్పుడు, నాకొక్కదానికే వినపడింది.
మా కోచ్ స్ట్రెచర్ పక్కన నడుస్తూ
ఒకే ఒక్క మాటన్నాడు: దురదృష్టం.
ఆ మాటని ఇన్నేళ్ళూ
కుడి మోకాలికి కట్టుకుని తిరిగాను.

"దీనికీ తెగుతుందా?" అడిగాను.
"చెప్పలేను. ఇలా దిగేవాళ్ళలో చాలామందికి ఏమీ కాదు.
ఎవరికవుతుందో ఈ చుక్కలకి తెలీదు.
దిగడం నేర్పండి. అందరికీ."

అప్పట్నించీ రోజూ ఇరవై నిమిషాలు
బంతులు గదిలో, తాళం నా జేబులో.
ఒంటికాలి మీద నిలబడండి.
మోకాలు బొటనవేలి కేసి వాలకూడదు, పాదం ఎటు చూస్తే అటే చూడాలి.
కింది అంతస్తులో పసిపాప నిద్రపోతోందనుకుని దిగండి.

"ఎగరడం నాకొచ్చుగా," అంది వైవ.
"వచ్చు."
"మరి?"
పాల ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు దిగి అటునుంచటే వచ్చిన వాళ్ళమ్మ కూడా
తలుపు దగ్గర నిలబడి అడిగింది,
నేల మీద నిలబడ్డానికీ పాఠాలేనా అని.
జవాబు నా దగ్గర సగమే ఉంది.
రాని గాయాన్ని ఎవరికి చూపించను?

మార్చి. రొకిష్కిస్‌లో మూడు పాయింట్లతో ఓడి
అర్ధరాత్రికి ఊరు చేరాం.
వైవ దారంతా నాతో మాట్లాడలేదు.
బస్సు ఆగీ ఆగకముందే
సంచీ భుజాన వేసుకుని
పైమెట్టు నుంచే మంచులోకి దూకింది.

చప్పుడు కాలేదు.

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.
బస్సు లైటు వెలుగులో రెండు అడుగుల గుర్తులు,
పక్కపక్కన, ఒకే లోతున.

వాటిని తొక్కకుండా
కమ్మీ పట్టుకుని, పక్కకి తిరిగి,
ఒక్కో కాలే కింద పెట్టుకుంటూ
నేనూ దిగాను.